అయినా వాడతారా?

పొద్దున ఆరున్నరకి గుంటూరు మిర్చి యార్డులో
కెమెరా నన్నో ప్రశ్న అడిగింది:
ఈ బ్యాటరీతో మాట కలవడం లేదు,
అయినా వాడతారా?

వాడతాననే నొక్కాను.
నొక్కగానే కన్ను మూసింది.

ఎదురుగా తేజ రకం, నూట నలభై టిక్కీలు.
ఇండోరు బేరగాడికి రంగు తెలిసేలా
గంటలో ఫొటోలు పోవాలన్నాడు
కమీషను కొట్టు గుమస్తా.
తుమ్మాను. గ్రిప్పు విప్పాను. తుమ్మాను.
ఎడమ బ్యాటరీ కుడికి, కుడిది ఎడమకి,
ఒకటే ఉంచి చూశా,
రెండూ తీసి, ఊది, మళ్లీ రెండూ పెట్టి,
అడుగున మర బిగించి,
చున్నీ అంచుతో బంగారు చుక్కల్ని తుడిచి.

తొడిమలు తీసే వీరాంజమ్మ పని ఆపి చూసింది.
"దానిక్కూడా ఘాటెక్కిందేమోనే పిల్లా,
మొహం కడుగు" అంది.

గ్రిప్పు తీసేస్తే నడవాలి. నడవదు.
దాని అడుగు తలుపు నా దగ్గర లేదు.
గ్రిప్పు కొన్నరోజు ఊడదీసి
ఎక్కడో భద్రంగా పెట్టాను.
భద్రంగా పెట్టినవన్నీ పోయే చోటికే
అదీ పోయింది.
మూత లేని కడుపుతో కెమెరా
మూసేదాకా పలకనని కూచుంది.

గుమస్తా తన ఫోనుతోనే నాలుగు కొట్టి
"ఇంతేగా" అన్నాడు.
ఆ రోజు కూలి ఆ ఒక్క మాటలో పోయింది.

మధ్యాహ్నం ప్యాసింజరులో బెజవాడ.
కృష్ణా కెనాల్ దగ్గర బండి ఆగింది,
ఎందుకని ఎవరూ అడగలేదు.
ఒళ్లో సంచి, సంచిలో
కట్టిన పదకొండు వాయిదాలు, కట్టాల్సిన ఏడు.

గవర్నరుపేటలో వాచీల కొట్టు పక్క మెట్లెక్కితే
యేసుపాదం గారు.
ఏమైందని అడగరాయన,
"ఎక్కడ తిరిగింది?" అంటారు.
నేను చెప్పేలోపే గ్రిప్పు మూత తీసి
ముక్కు దగ్గర పెట్టుకున్నారు.
ఆ తుమ్ముకి బల్లమీది స్క్రూలన్నీ చెదిరాయి.
ఇద్దరం మోకాళ్ల మీద కాసేపు
నేలంతా వెతికాం.

"కొన్ని పిన్నులు కరెంటుకమ్మా, కొన్ని మాటలకి.
కరెంటు వస్తూనే ఉంది.
ఇదిగో, ఈ మూడోది దిగబడిపోయింది,
స్ప్రింగుకి కారం పట్టి
లేవడం మర్చిపోయింది."

సూదితో లేపారు.
మనవరాలి రబ్బరు ముక్కతో, దానిమీద సిరాతో రాసిన పేరులో
చివరి అక్షరమే మిగిలింది,
ఒక్కో పిన్నునీ రుద్దారు.
తెల్ల రబ్బరు ఎర్రబడింది.
వీరాంజమ్మకి ఫీజేమీ ఇవ్వలేదు నేను.

"మరి తలుపు?"
అగ్గిపుల్ల సగానికి విరిచి
మూలనున్న చిన్న మీట మీద ఆనించి టేపు వేశారు.
"గ్రిప్పు తీసినప్పుడు ఇది పెట్టుకో,
తలుపుందనే అనుకుంటుంది" అన్నారు,
అబద్ధం నేర్పినందుకు కాస్త సిగ్గుపడుతూ.

కొత్త గ్రిప్పు ధర అడిగి
విని
ఫ్యాను వైపు చూశాను.

రెండు వందలు తీసుకుని, రబ్బరులో సగం కోసి ఇచ్చారు.
"నీ రెండో బ్యాటరీ కంపెనీది కాదు, దాని యాస వేరు.
ఆ ప్రశ్న అడుగుతూనే ఉంటుంది.
అడగనీ. ఔనను."

మర్నాడు మళ్లీ యార్డు.
ఇండోరు బేరం ఫోను ఫొటోలతోనే తెగిపోయిందట.
ఇవాళ వేరే రకం, బ్యాడిగి, ముడతలది,
ముదురు రంగు, ఫోనుకి నల్లగా పడుతుంది.
కెమెరా అడిగింది. ఔనన్నాను.
ఈసారి కన్ను మూయలేదు.

"కడిగావా దాని మొహం?"
"కడిగించా."
వీరాంజమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని
కుడి బొటనవేలు నా ముందు పెట్టింది.
గీతల్లేవు. నున్నగా, ఎర్రగా,
అరిగిన రూపాయి బిళ్లలా ఉంది.
"రేషను మిషను మూణ్ణెల్ల నుంచీ
నేను నేను కాదంటోంది.
దీనికేం రుద్దాలి?"

సంచి జిప్పులో రబ్బరు ముక్క ఉంది.
బయటికి తియ్యలేదు.