కుడి అద్దం

మలాబా సరిహద్దు దగ్గర లారీల వరస పదకొండు కిలోమీటర్లు.
మూడో రోజుకి మనిషి మనిషిలా ఉండడు.
టైరు నీడలో పడుకుని లేచి,
కిరోసిన్ పొయ్యి మీద ఉగాలి కెలుక్కుంటూ,
బండి పొడవు ముందుకి జరిగితే అదే పండగ.

అప్పుడొచ్చాడు బరాసా.
ఎవరి చేతిలో ఏం పెట్టాడో, మట్టి అంచున దుమ్ము రేపుకుంటూ వచ్చి
నా బంపరుకీ ముందు బండికీ మధ్య
మేక దూరే సందులో మూతి దూర్చాడు.
వాడి వెనక రేకు మీద ఎర్ర రంగుతో: ముంగు మ్బెలే.
దేవుడు ముందు, అని.
దేవుడికంటే ముందు బరాసా అని రాయలేదు, చోటు చాలక.

దిగాను. దిగాడు.
వాడు మా అమ్మనన్నాడు, నేను వాడి బండినన్నాను.
ఏది ఎక్కువ తగులుతుందో ఇద్దరికీ తెలుసు.
నా చేతిలో వీల్ స్పానర్ ఉంది.
మనిషిని కొట్టలేదు, ఆ మాత్రం మిగిలింది నాలో.
కుడివైపు అద్దాన్ని కొట్టాను.
అది రాలి కంకరలో కలిసిపోయింది.
వరసలోవాళ్ళు ఈలలు వేశారు.
న్యాయం అంటే ఇంతే కాబోలు అనుకున్నాను.

తొమ్మిది రోజుల తర్వాత
కాఫీ గింజల లోడుతో కంపాలా నుంచి తిరిగొస్తున్నాను.
రాత్రి రెండు. తింబొరోవా ఎగువ.
మంచు తడిగుడ్డలా అద్దానికి అతుక్కుంది.
ముందొక బండి, మొదటి గేరులో, మూలుగుతూ,
నడిచేవాడు దాటిపోయేంత నెమ్మదిగా.
నా ఇంజను వేడెక్కుతోంది. డిప్పర్ కొట్టాను.

వాడి కుడి ఇండికేటర్ వెలిగింది.

మా రోడ్డు మీద దానికి ఒకటే అర్థం: రావద్దు.
ఎడమది వెలిగితే: రా, ఖాళీగా ఉంది.
ఏ పుస్తకంలోనూ ఉండదిది, లైసెన్సు పరీక్షలో ఎవరూ అడగరు.
నేను క్లీనరుగా ఉన్నప్పుడు ముసలి ముటిండా చెప్పాడు:
"పెళ్ళాంతో అబద్ధమాడు, పోలీసుతో ఆడు,
ఓనరుతో రోజుకి రెండుసార్లు ఆడు.
ఇండికేటరుతో మాత్రం ఆడకు."

మంచు కాస్త విడిచింది.
నా లైటు వెనక రేకు మీద పడింది. ఎర్రక్షరాలు.

వాడే.
స్టీరింగు మీద చేతులు చల్లబడ్డాయి.
నా కళ్ళు ఇప్పుడు వాడి దగ్గరున్నాయి.
రావద్దంటున్నాడు, నిజంగానా, కక్షతోనా?
రోడ్డు ఖాళీగానే ఉందేమో,
తెల్లారేదాకా నన్నిలా పొగ తాగిస్తాడేమో.
అంతకంటే ఘోరం, కాసేపాగి ఎడమది వేస్తే?
అప్పుడేం చెయ్యను?

చూద్దామని గజం కుడికి లాగాను.
ఏమీ కనబడలేదు. తెల్లగా, అంతే.
వెనక్కి వచ్చేశాను.
చాలాసేపటికి ఒంటి లైటుతో ఒక ట్యాంకరు
మమ్మల్ని రాసుకుంటూ దిగిపోయింది.
నేను గజం లాగినప్పుడు అదెంత దూరంలో ఉందో
లెక్క కట్టలేదు. ఇప్పటికీ కట్టను.

ఎడమది వెలిగింది.
ఒక ఊపిరి ఆగి, కుడికి తిప్పాను.
మా కేబిన్లు పక్కపక్కకి వచ్చాయి.
అద్దం ఉండాల్సిన చోట ఉత్త కడ్డీ,
దానికి పంచదార సంచి పీలిక, తడిసి ఊగుతోంది.
లోపల వాడు ముందుకి వంగి
చేతి వెనకతో గాజు తుడుచుకుంటున్నాడు.
నా వైపు చూడలేదు.

అప్పుడు తట్టింది.
వాడికి నేనెవరో తెలీదు.
తెలిసే దారి లేదు, అది నేనే పగలగొట్టాను.
మంచులో వెనక ఒక వెలుతురుంది,
దాని వెనక ఎవడో ఒకడున్నాడు,
వాడికి తెలిసింది అంతే.
ఆ ఎవడో ఒకడికి చెప్పాడు ఆగమని. తర్వాత రమ్మని.

దాటాక, అలవాటు చొప్పున
ఎడమ, కుడి, ఎడమ.
వాడొక్క డిప్పు కొట్టాడు. పర్లేదులే, అని.

పొద్దున్నే నకూరులో
స్పేర్ పార్టుల కొట్టు తీసేదాకా నిలబడ్డాను.
కుడివైపు అద్దం, రెండువేల ఎనిమిదివందల షిల్లింగులట.
చాలా ఎక్కువన్నాను.
వెనక రోడ్డు మీద బరువు బండేదో గేరు మార్చుకుంటూ వెళ్ళింది.
తల తిప్పలేదు.
ఇంకా బేరమాడుతూనే ఉన్నాను.