రసమట్టం

నువ్వు వెళ్లి పదకొండు రోజులు.
పధ్నాలుగో రోజుకి వంటింట్లో అర బిగించి ఉండాలని
నాతో నేనే పందెం కాసుకున్నాను.

శనివారం బన్నింగ్స్ గుమ్మం ముందు
ఉల్లిపాయలు మాడుతున్న వాసనలో కాసేపు నిలబడి
లోపలికెళ్లి ఒక చెక్క, రెండు బ్రాకెట్లు,
గుప్పెడు మరలు, పసుపుపచ్చ రసమట్టం కొన్నాను.
డ్రిల్లు పక్కింటి గుర్లీన్ గారిది.
బాల్డివిస్‌లో గోడలన్నీ ఇటుకవే కదా,
చిల్లి పడగానే సింకులోకి ఎర్రపొడి రాలింది.
నువ్వు బూట్లు విప్పినప్పుడు గడప మీద పడే రంగు.
తుడవబోయి, తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

రేడియోలో తుఫాను.
పొద్దున హెడ్లండ్‌కి మూడొందల కిలోమీటర్లు,
మధ్యాహ్నానికి రెండొందల నలభై.
మధ్యలో వడ్డీ రేట్లు, గుడ్ల ధర, క్రికెట్టు,
ఎవరో మంత్రి క్షమాపణ.
మళ్లీ తుఫాను.
మనిషి పేరు పెట్టారు దానికి,
పిలిస్తే ఆగుతుందేమోనన్నట్టు.

మూడింటికి నీ మెసేజీ:
విమానాలు ఆపేశారు, ఇంకో నాలుగు రోజులు పట్టొచ్చు,
డోంగాలోనే ఉన్నాం, ఏసీ పనిచేస్తోంది, తిన్నావా?

గనిలో మీ రేకు గదిని డోంగా అంటారని
మొదటిసారి నువ్వు చెప్పిన రాత్రి గుర్తుందా,
"దొంగలో పడుకున్నా" అని నువ్వు,
"దొంగతోనా?" అని నేను.
ఇవాళ ఆ మాట స్క్రీన్ మీద ఒంటరిగా కనిపించింది.
ఆ రేకుల్ని భూమికి గొలుసులతో కట్టారా
అని అడగబోయి చెరిపేశాను.

తిన్నావా అంటే, ఏం చెప్పను.
గ్లాసు బియ్యం ఎక్కువ, అరగ్లాసు తక్కువ,
ఒక్క మనిషి లెక్క మన కుక్కర్‌కి రాదు.
ఆదివారం వండిన దోసకాయ పప్పు
బుధవారానికి నన్ను వరసపెట్టి పిలుస్తోంది.
నిన్న పెరుగు గిన్నె నాకి పెట్టాను,
తోడుకి చెంచాడైనా ఉంచకుండా.
గుర్లీన్ గారి తలుపు తట్టి
తోడు కావాలని ఇంగ్లీషులో ఎలా అడగాలో తెలీక
ఖాళీ గిన్నె, వేడిపాల గిన్నె రెండూ చూపించాను.
"జామన్!" అని నవ్విందావిడ.
రెండు చెంచాలు వేసింది.

అర చక్కగా కుదిరింది మొదట.
ఆవకాయ జాడీ పెట్టి, రెండడుగులు వెనక్కేసి,
నా పనితనానికి నేనే మురిసిపోయాక
అప్పుడు తట్టింది: నా ఎత్తుకి బిగించాను.
నీకు స్టూలు కావాలి.

మరలన్నీ ఊడదీశాను.
నీ చెయ్యి ఎంతవరకు అందుతుందో
తొమ్మిదేళ్ల కాపురంలో కొలిచి చూడలేదు.
తలుపు వెనక కొక్కేనికి నీ నారింజరంగు చొక్కా.
హ్యాంగరుతో సహా తెచ్చి గోడకి ఆనించి
చెప్పుల మందం కలిపి, భుజం ఎత్తు అంచనా కట్టి
దాని చెయ్యి పట్టుకుని పైకెత్తాను.
జేబు మీద కుట్టిన పేరు "హై".
హైమవతి నోరు తిరగనివాళ్లకి
నిన్ను పిలవడమూ పలకరించడమూ ఒకటే.
"హై" అన్నాను నేనూ, ఎవరూ లేరు గదా అని.
మణికట్టు దగ్గర పెన్సిలుతో గీత గీశాను.
ఎన్ని ఉతుకులకీ వదలని మీ మట్టి
తెల్ల పెయింటు మీద కొంచెం అంటుకుంది.

మధ్యాహ్నం సముద్రం నుంచి వచ్చే చల్లగాలిని
ఈ ఊళ్లో డాక్టరంటారు.
ఇవాళ డాక్టరు రాలేదు.
చెమట కారుతుండగా రసమట్టం పెట్టి చూశాను.
బుడగ అటు పోయింది, ఇటు పోయింది,
రేడియోవాడు నూట తొంభై అన్నాడు,
నా చెయ్యే వణుకుతోందని అర్థమై
కాసేపు కింద కూర్చున్నాను.

ఏడింటికి బుడగ మధ్యలో నిలిచింది.
పైన నాలుగు చిల్లులు అలాగే ఉన్నాయి.
పుట్టీ ఉంది, ఓపిక లేదు.
నువ్వొచ్చి తిట్టాక పూడుస్తాను.

తిన్నాను.
పెరుగు తోడుకుంది, కొంచెం పుల్లగా.
వచ్చేటప్పుడు ఏమైనా తేవాలా అని అడుగుతావు కదా ప్రతిసారీ,
ఈసారి అడక్కు.