పద్నాలుగో గడి

చీపురుపల్లిలో రైలు దిగి
అద్దె సైకిలు మీద ఊళ్లు తిరిగేవాణ్ణి.
వెనక క్యారియర్‌కి కట్టిన
ముప్పయ్యారు పేజీల షెడ్యూలు.
నా ఉద్యోగం అడగడం.

ఎన్ని కుంచాల భూమి, ఎన్ని బళ్ల గెత్తం,
ఎద్దుల జత ఏ సంతలో, ఎంతకి,
దమ్ముకి ఎందరు, ఊడుపుకి ఎందరు,
మదుపు ఎవరిచ్చారు, నూటికి ఎంత.
అన్నిటికీ గడులున్నాయి.
పద్నాలుగో గడి: ఇంటి మనుషుల కూలి.
ఎవరూ ఇవ్వని కూలి కాబట్టి
మేమే ఒక ధర ఊహించి రాస్తాం.
మా భాషలో దాన్ని ఆపాదిత విలువ అంటారు.

కిల్లాన తవిటమ్మ
గోగు ఊరేసిన గెడ్డలో నడుంలోతున ఉంది.
ఆ కంపుకి రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని
గట్టు మీంచే అడిగాను,
"రోజుకి ఎన్ని గంటలమ్మా?"
నార ఒలుస్తూనే నవ్వింది.
"గంటలేటి బాబూ, నా కాడ గడియారముందేటి?
పొద్దు పొడిస్తే దిగితాను,
కాళ్లు పాలిపోతే ఎక్కుతాను."
ఎనిమిది, అని పైకి చదువుతూ రాశాను.

తెనాలి వైపువాణ్ణి, తెలీక
షెడ్యూల్లో లేని ప్రశ్న ఒకటి అడిగాను.
ఆ పేరేమిటని.
"నాకు ముందు ముగ్గురు పోనారు.
నాను పుట్టగానే పొరుగింటోలికి ఇచ్చీసి
శేరు తవుడెట్టి మళ్లీ కొనుక్కుంది మాయమ్మ.
ధర సెప్పీసినాను, రాసుకో."
రాసుకున్నాను, గడి అంచున, పెన్సిల్‌తో.

తర్వాత నేను పెరిగాను.
సైకిలు జీపయింది, జీపు ఏసీ గదయింది.
రాజాం, పాలకొండ, హిరమండలం
గోడ మీద మ్యాపులో రంగు మచ్చలయ్యాయి.
నా చేతుల్లో సగటు రైతొకడు తయారయ్యాడు:
రెండెకరాల ముప్పై సెంట్లు, ఒకటిన్నర ఎద్దు,
ఇంట్లో నాలుగు పాయింటు ఆరుగురు.
ముప్పై ఏళ్లలో ఏ కళ్లంలోనూ
వాడు నాకు కనపడలేదు.

వాడికోసమే ఒక సలహా రాశాను.
చోళ్లు తగ్గించి గోగు పెంచితే ఎకరాకి ఇంత మిగులు.
నూట పన్నెండో పేజీ, కింద నా సంతకం.
మిల్లు గేటుకి తాళం పడుతుందని
ఏ గడిలోనూ లేదు.
ఆ ఏడు వసారాల్లో నార కట్టలు
ఎలకలకి పరుపులయ్యాయి.
అంబలికి చోళ్లు కొనుక్కున్నారు
చోళ్లు పండించినవాళ్లు.
నాకు ప్రమోషనొచ్చింది. దానికీ దీనికీ సంబంధం లేదు.
ఉందేమో, లెక్క కట్టలేదు.

రిటైరయ్యే ముందు నెల
పలాసలో కూతురి దగ్గరుందంటే వెళ్లాను.
క్షమించమని అడగాలి.
ఎలా అడగాలో షెడ్యూలు లేదు.
జీడిపిక్కలు ఒలుస్తోంది, వేళ్లు నల్లగా కాలి.
గుర్తుపట్టలేదు.
చెమటకి రుమాలు తీశాక పట్టింది.

చెప్పిందంతా విని
"ఊరోలంతా ఏసినారని మేమూ ఏసినాం,
నువ్వొచ్చి సెప్పినావా ఏటి?" అంది.
నా పేరు అంతదూరం రాలేదని
ఊరట కలిగింది, సిగ్గూ వేసింది.
కాసేపాగి,
"నీకు జీతమెంత?"
చెప్పాను.
"సద్ది ఎవులు కడతారు?"
"మా ఆవిడ."
"ఏ యేళకి లెగుస్తాదేటి?"
తెలీదు.
నేను లేచేసరికి ఎప్పుడూ
స్టవ్ మీద ఏదో ఉడుకుతూనే ఉండేది.
"ఎనిమిదని రాసీ బాబూ," అంది తవిటమ్మ,
ఇంకో పిక్క అందుకుంటూ.

ఆ పాత షెడ్యూలు గోదాములో దొరికింది.
పద్నాలుగో గడి పక్కన
నా పెన్సిలు రాత మీద సూపర్‌వైజరు ఎర్ర గీత:
ప్రశ్నకు సంబంధం లేదు.
శేరు, అన్నచోట చెద తినేసింది.
తవుడు మాత్రం చదవొచ్చు.