వద్దన్న మాట

ఆదోని పత్తి యార్డు ఆఫీసులో
నాది కిటికీ పక్క సీటు.
కీబోర్డు మీద దూది ఊదుకుంటా ఉండాల.

మద్దిలేటి వచ్చి నిలబడినాడు.
"వేలం ఫోల్డరు తెరుచుకోలేదక్కా.
నిన్న క్లర్కుల గుంపులో చేర్చినావు కదా?"

చేర్చినా.
టెంపరరీల గుంపులో గూడా ఉండావు నాయనా.
ఒక గుంపు రా అంటాది, ఇంకోటి వద్దంటాది.
రెండూ కొట్లాడితే
వద్దన్నదే గెలుస్తాది.

వాడు నవ్వినాడు:
"మా అత్తగారింట్లో గూడా ఇంతే.
అందరూ సరే అన్నాక
పెద్దాయన తలకాయ అడ్డంగా ఊపితే చాలు."

వాని పేరు వెతుకుతా లిస్టు కిందికి పోతే
పేరు లేని వరస ఒకటి.
ఎస్, ఒకటి, అయిదు, ఇరవై ఒకటి,
ఆ తర్వాత ఫోన్ నంబరు కంటే పొడుగు అంకెలు,
పక్కన ప్రశ్న గుర్తు.
ఎదురుగా అన్ని గడుల్లో టిక్కు.

ఉరుకుందప్ప సారు.
ఈ ఫోల్డరు చేసింది ఆయనే.
మొన్న మాఘంలో కాలం చేసినాడు.
అకౌంటు నా చేత్తోనే తీసేసినా;
పేరు పోయింది, హక్కు పోలేదు.
చదవచ్చు, రాయచ్చు, తుడిచెయ్యచ్చు.
లోపలి ఫోల్డర్లకూ అదే వారసత్వం:
తూకాలు, హమాలీ కూలి, కరువేటి ధరలు,
అన్నిట్లోనూ ఆ అంకెలు.

సెక్రెటరీ చూస్తే తీసెయ్యమంటాడు. న్యాయమే.
ఒక్క నొక్కు పని.

"నన్ను ఆ గుంపులోంచి తియ్యక్కా" అంటాడు మద్దిలేటి.
ఎట్ల తీసేది?
నేనుండేది గూడా అందులోనే.

చీటీ రాసి పైకి పంపించినా.
బయట బస్తా దించిన చప్పుడు.
ప్రశ్న గుర్తును అట్లే ఉంచి
కిటికీ మూసినా.