ఎంచని తల

కంప్యూటర్ రాలేదింకా యర్రగుంట్ల బడికి.
నేలంతా నల్లబండలు, గళ్లు గళ్లుగా.

రమీజా టీచరే మరబొమ్మయింది.
"నాకేం తెల్దు, చెప్పిందే చేస్తా.
ఆ మూల శెనక్కాయ ఉండల డబ్బా.
తెప్పించుకోండి."

"పో టీచర్!" అన్నాడు ఓబులేసు.
పోయింది. గోడకు ముక్కు ఆనినా
అడుగులేస్తానే ఉంది.
"ఆగమంటిరా మీరు?" గోడనే అడిగింది.

నవ్వులాగినాక సుద్దతో రాసినారు:
మూడు బండలు ముందుకు.
ఎడమకు తిరుగు. ఇంకో రెండు.
వంగు. తియ్యి.

తీసింది. ఒకటి నోట్లో వేసుకుంది.
"మాకియ్యల్ల గదా!"
"ఏదీ, యాడ రాసినారు?"

మస్తానీ కింద ఇంకో వరుస చేర్చింది:
అందరికీ తలా ఒకటి.
మరబొమ్మ కదల్లేదు.
"అందరంటే ఎంతమంది?"

ఓబులేసు లేచి
ఒక్కో తలా తాకి ఎంచినాడు.
ఇరవై రెండు.

ఇరవై రెండో ఉండ ఇచ్చి
ఆగిపోయింది మరబొమ్మ.
వాని చెయ్యి మాత్రం
చాపినట్టే ఉంది.