మార్జిన్

బోయిగూడ టింబర్ డిపోల వెనక
గల్లీల మూడో మలుపు,
నెహెమ్యా లేడీస్ టైలర్ అంటే నేనే.
మిషను మీద రంపంపొట్టు కూసుంటది.
తుడుస్త. మళ్ల కూసుంటది.
ముప్పై ఒక్క ఏండ్ల సంది ఇదే.

ప్రభువా, నా పని నీకు తెల్వంది కాదు.
కొలత ముప్పై నాలుగుంటే
ముప్పై ఆరుకు కత్తిరిస్త.
మిగిలిన గుడ్డ కుట్టు లోపల మడత పెడ్త,
రేపు మనిషి లావైతే విప్పుకోవచ్చు.
పైకి కనపడదు.
మా పనిల దాన్ని మార్జిన్ అంటరు,
తెలివి అని గూడ అంటరు.

నీ దగ్గర గూడ గంతే ఉన్న.
ఆదివారం ముందు వరుసల కూసున్న.
దశమభాగం కవర్ల పెట్టిన,
అంటించే ముందు ఒక నోటు తీసి
జేబుల ఏసుకున్న.
షాపు ఓనరు కొత్త అగ్రిమెంటు చేతిల పట్టుకొని
"నువ్వు చర్చికి పోతవా ఏంది?" అంటే
నవ్విన.
అవునన్లే, కాదన్లే.

దీవెనమ్మ గాంధీ దవాఖానల ఆయా.
చర్చిల ఎన్నడూ మైకు పట్టలె.
ఆమె గురించి నాకు తెల్సిందల్లా జాకెట్ల వల్లనే,
ఎప్పుడు తెచ్చినా
కుడి భుజం కాడ పిగిలి ఉండేది.
ఎందుకమ్మా అంటే
"ఎత్తుతం గదా అన్న" అనేది.
ఎవల్ని అని నేనడగలె.

తర్వాత మార్చురీ పిలగాడు చెప్పిండు.
వార్డుల ఎవలూ రాని మనుషులుంటరట,
కేసుషీటుల పేరు కాడ ఒట్టి గీత ఉన్నోళ్ళు.
వాళ్ళ ఆఖరి రాత్రి
డ్యూటీ అయినంక ఈమె పక్కన కూసుంటదట.
ఇరవై రెండేండ్ల సంది.
బిడ్డ పెండ్లి నాడు గూడ
ఆ పట్టుచీర మీదనే వచ్చిందట,
ఒక ముసలాయన, ఏం భాషనో ఏమో,
తెల్లారే దాక ఆమె కొంగు ఇడవలేదట.
ఆమె గూడ ఇడిపించుకోలె.

మొన్న శ్రమదినాలల్ల
మీటరు తెల్లగుడ్డ తెచ్చింది.
"నారాయణగూడ సమాధుల కాడికి పోయే దినానికన్న,
కుట్టి పెట్టు" అన్నది,
బస్సు నంబరు చెప్పినంత మామూలుగ.
టేపు తీసి కొల్చిన.
ఎండిన పుల్ల లెక్కైంది మనిషి.
సుద్దముక్కతోని గీత గీసి
అవతల ఇంకో గీత గీయబోయిన, చేతికి అలవాటు.
ఆమె నా మణికట్టు పట్టుకుంది.
"లోపలేం ఇడువకు.
నేనింక పెరిగేది లేదు.
ఉన్నంతకే కుట్టు."

డిపోల రంపం కింద
దుంగ నిలువునా చీలుతున్న సప్పుడు.
నేను శానాసేపు కత్తెర పట్టుకొని నిలబడ్డ.

మార్జిన్ లేకుంటే కుట్టు నిలవదు ప్రభువా,
అంచు పోగులు ఊడుతయి.
అందుకే మిషను పక్కకు పెట్టి
చేత్తోని కుట్టిన, రెండేసి సార్లు.
మూడు రాత్రులు పట్టింది.
ముప్పై ఒక్క ఏండ్లల్ల
ఇంత దగ్గర నుంచి గుడ్డను సూడలె.

దీవెనమ్మ ఏసుకొని అద్దంల సూసుకుంది.
"సచ్చినోళ్ళకెందుకన్న ఇంత మంచి కుట్టు"
అని నవ్వి, అట్లనే నైట్ డ్యూటీకి పోయింది.

నెల దిరగలె.
మళ్ల వచ్చింది, కుడి భుజం పిగిలి.
"ఎత్తిన గదా."
విప్పి కలపనీకి లోపల ఇంత గుడ్డ లేదు.
ఇద్దరం ఒకలి మొకం ఒకలం సూసుకున్నం.

ఇంటికి పోయి
నా పెండ్లి నాటి తెల్ల అంగి తీసిన.
పక్క కుట్టు బ్లేడుతోని విప్పిన.
అంగి అంతా పసుపు పచ్చగైంది గని
మడత లోపలి గుడ్డ కొత్తగనే ఉంది.
ఎండ సూడలె, చెమట సూడలె,
ఎవలికీ పనికి రాలె.
దాన్ని కోసి
ఆమె భుజం కింద అతికిచ్చిన.

ఓనరు మళ్ల అడుగుతడు, నాకు తెల్సు.
భయం పోలే, అబద్ధమెందుకు.
చెప్పాలె అనుకుంటున్న.

ఆ అంగి మళ్ల కుట్టుకున్న,
మొన్న ఆదివారం ఏసుకున్న.
ఊపిరి తీస్తే పక్కలకు గట్టిగ తెలుస్తుంది.
ఇంక విప్పనీకి లేదు.