ఒక పొడుగు గంట

మా ఊరికి పేరు పెట్టినవాడు మా ఊరు చూడలేదు.
రైలు కంపెనీ గుమాస్తా ఎవడో
ఒక్కో స్టేషనుకు ఒక్కో అక్షరం పంచుకుంటూ వస్తే
క్యూ దగ్గర మేం తగిలాం.
క్విల్బీ అన్నాడు. సరే అన్నాం.

పట్టాల పక్కన ఎర్ర చెక్కల ధాన్యపు గాదె లేచింది,
ఎనిమిది అంతస్తులు.
చెట్టన్నది లేని ఆ గడ్డినేల మీద
దారి తప్పినవాడికి అదే దిక్కు.

డెబ్బై అయిదేళ్లు నిండిన ఏడు
చర్చి నేలమాళిగలో ఆడవాళ్లం కూర్చుని
ఊరి చరిత్ర అచ్చు వేద్దామనుకున్నాం.
ఇంటికో పేజీ. టైపు నాది.
'ఆర్' సగమే పడే మిషను.

స్కార్‌స్టాడ్ వాళ్లు పదకొండు పేజీలిచ్చారు.
నార్వేలో ఎక్కిన పడవ దిగేసరికే
నా రిబ్బను అరిగిపోయింది.
ముసలి ప్రొకోప్ హ్నాటియుక్ ఇచ్చింది ఒక చీటీ:
"వచ్చాం. రాళ్లు ఏరాం. ఇంకా ఏరుతున్నాం."
ఉన్నదున్నట్టు కొట్టాను.
నిజమే మరి. మంచు కరిగిన ప్రతిసారీ
మా నేల ఈనేది రాళ్లనే.

ముప్పై ఏడులో దుమ్ము.
వడ్డించేదాకా కంచాలు బోర్లించే ఉంచేవాళ్లం.
సాయం కింద తూర్పు నుంచి రైల్లో ఎండుచేపలొచ్చాయి,
పలకల్లా, ఉప్పు తేలి.
అవేమిటో తెలీక కొందరు
కొట్టం తలుపు పగుళ్లకు మేకులేసి కొట్టారు.
స్కార్‌స్టాడ్ అవ్వ చీకటి పడ్డాక
ఒక్కొక్కటే ఊడబెరుక్కుపోయి నానబెట్టుకుంది.
ఆ పదకొండు పేజీల్లో ఈ ముక్క లేదు.

టెలిఫోను తీగె ఒక్కటే, ఇళ్లు పధ్నాలుగు.
రెండు పొట్టి గంటలు, ఒక పొడుగు: అది మాకు.
ఎవరికి మోగినా అందరం ఎత్తేవాళ్లం,
ఊపిరి బిగబట్టి.
వెనక గోడగడియారం చప్పుడుని బట్టి
వింటున్నది ఎవరో పోల్చుకునేవాళ్లం.
తెగకుండా ఒకే పొడుగు గంట మోగితే మాత్రం
అది ఊరందరికీ.
నిప్పు అంటుకుంటే, యుద్ధం ఆగితే.

నలభై ఒకటి జనవరిలో, మంచుతుఫాను మధ్యాహ్నం,
బడి నుంచి తొమ్మిదిమంది పిల్లలం
చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడుస్తూ నడుస్తూ
కెఫే గోడకు గుద్దుకున్నాం.
జిమ్ తలుపు తీశాడు.
మా చేతిగుడ్డలు పొయ్యి మీద ఆరేశాడు.
కిస్‌మిస్ పండ్ల తీపిరొట్టె కోసి పెట్టాడు.
తర్వాత గోడ దగ్గరికెళ్లి పిడి తిప్పాడు,
తిప్పుతూనే ఉన్నాడు.
పధ్నాలుగు ఇళ్లూ ఎత్తాయి.
"ఇక్కడున్నారు" అన్నాడు. "తింటున్నారు."
పెట్టేశాడు.

ఆయన పేరు జిమ్ కాదు.
లమ్ కీ ఫూన్ అని సమాధిరాయి మీద చదివాను.
ముప్పై నాలుగేళ్లు మాకు వండిపెట్టాడు.
సముద్రం అవతల భార్య ఉండేదట,
రానివ్వని చట్టం ఉన్నన్నాళ్లూ ఉత్తరాలే,
చట్టం పోయేసరికి ఉత్తరాలూ రాలేదు.

ఇంటికో పేజీ అన్నాం కదా.
ఆయనకు ఇల్లు లేదు, కొట్టు వెనక గది ఉండేది.
ఎవరూ రాసివ్వలేదు. నేను అడగలేదు.
నూట పన్నెండో పేజీలో
స్కార్‌స్టాడ్ వాళ్ల కొత్త కారు బొమ్మ ఉంది చూడండి,
వెనక తలుపులో ఒక మోచెయ్యి.
అదీ మా చరిత్రలో ఆయన.

పట్టాలు పీక్కుపోయారు.
గాదెను ఒక్క పూటలో పడగొట్టారు,
పావురాలు మూడు రోజులు
అది ఉన్నంత ఎత్తులోనే గాలిలో తిరిగాయి.
నిరుడు పదకొండుమందిమి చేతులెత్తి
ఊరిని ఊరు కాదని తీర్మానించాం.
అక్టోబరు కోడివిందుకు మాత్రం
ఎక్కడెక్కడినుంచో మూడొందలమంది వస్తారు,
బంగాళదుంపలు ఎవరు చెక్కాలని ఇప్పటికీ తగాదానే.

ఈ చలికాలం మిషను దింపాను.
ఒక్క పేజీ. మైదాపిండి జిగురుతో
నాకు తెలిసిన ఆరు పుస్తకాల్లో అతికిస్తాను.
'ఆర్' ఇప్పుడు అసలే పడటం లేదు, పెన్నుతో దిద్దుతున్నాను.
భార్య పేరు దగ్గర ఆగిపోయాను.
ఆ ఖాళీ ఎంత పొడుగు వదలాలో తెలీక
ఎనిమిది చుక్కలు పెట్టాను.